గట్టు మీది నుంచి గాలిని చదవడం: హుస్సేన్‌సాగర్ తెరచాప పందేలు

నైరుతి రుతుపవనాలు బలం పుంజుకున్న తరువాత, సాధారణంగా జూలై, ఆగస్టు నెలల్లో, హైదరాబాదు నడిబొడ్డున ఉన్న హుస్సేన్‌సాగర్ మీద కొన్ని రోజులపాటు పదుల సంఖ్యలో తెల్లని తెరచాపలు బారులు తీరుతాయి. సైన్యంలోని ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగానికి చెందిన సెయిలింగ్ సంఘం నిర్వహించే హైదరాబాద్ సెయిలింగ్ వీక్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ నిర్వహించే మాన్‌సూన్ రెగట్టా దేశంలోని ముఖ్యమైన తెరచాప పడవల పోటీలుగా పేరు పొందాయి. వీటిలో మొదటిది 1980ల దశకం నుంచి కొనసాగుతున్నది. రెగట్టా అంటే ఒకే పందెం కాదు, వరసగా కొన్ని రోజులు, రోజుకు రెండు మూడు చొప్పున జరిగే పందేల సమాహారం. ఈ పోటీలను చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు, ప్రత్యేకంగా కట్టిన ప్రేక్షక స్థలం కూడా లేదు. ట్యాంక్‌బండ్ పిట్టగోడ, నెక్లెస్ రోడ్డు కాలిబాట, సంజీవయ్య పార్కు పచ్చిక, ఇవే గ్యాలరీలు. అయినా సెలవు రోజున పిల్లాపెద్దలతో చెరువు దగ్గరకు వచ్చిన కుటుంబాలు చాలావరకు ఈ తెరచాపలను కాసేపు చూసి, ఫోటోలు తీసుకొని, ఎవరు ముందున్నారో ఎవరు వెనుకబడ్డారో తెలియక మొక్కజొన్న కంకుల బండి వైపు కదిలిపోతాయి.

ఇందులో చూసేవారి తప్పేమీ లేదు. పరుగు పందెంలో గీతలు కనిపిస్తాయి, కబడ్డీలో బరి కనిపిస్తుంది. తెరచాప పందెంలో అసలైన ఆటస్థలం నీటి మీద కదిలే గాలి కనుక అది కంటికి ఆనదు. పడవలు ఒకదానికొకటి వ్యతిరేక దిక్కుల్లో పోతూ కూడా ఒకే గమ్యం కోసం పోటీ పడుతుంటాయి. పందెం దారికి గుర్తుగా నీటిలో తేల్చిన బోయాకు దగ్గరగా ఉన్నట్లు కనిపించే పడవ వెనుకబడి ఉండవచ్చు, ఒడ్డువారగా ఒంటరిగా పోయే పడవ అందరికన్నా ముందు ఉండవచ్చు. గాలి జాడను నీటి మీద గుర్తుపట్టడం నేర్చుకున్న కంటికి మాత్రం ఈ గందరగోళమంతా ఒక్కసారిగా విడిపోతుంది. ఆ చదువు కష్టమైనది కాదు, ఒక మధ్యాహ్నం ఓపికగా కూర్చుంటే పదేళ్ల పిల్లలకు కూడా పట్టుబడుతుంది. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే చూపులో అందే హుస్సేన్‌సాగర్ వంటి చెరువు దానికి సముద్రతీరం కన్నా అనువైన చోటు.

పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనాకాలంలో, మూసీకి ఉపనదిగా కలిసే వాగుకు అడ్డంగా కట్టిన ఈ చెరువుకు తూర్పు వైపు కట్టే నేటి ట్యాంక్‌బండ్. హైదరాబాదును సికింద్రాబాదుతో కలిపే ఆ గట్టుకు ఎదురుగా, పడమటి ఒడ్డు పొడవునా నెక్లెస్ రోడ్డు సాగి, ఉత్తరాన సంజీవయ్య పార్కును చేరుతుంది. సెయిలింగ్ క్లబ్బుల పడవలు నీటిలోకి దిగేది ప్రధానంగా ఆ ఉత్తరపు వైపు నుంచే. దక్షిణాన లుంబినీ పార్కు, సచివాలయం, వాటి వెనుక బిర్లా మందిరం నిలిచిన నౌబత్ పహాడ్ ఉన్నాయి. జిబ్రాల్టర్ రాక్ అనే పేరున్న రాతి తిన్నె మీద 1992లో నిలబెట్టిన ఏకశిలా బుద్ధ విగ్రహం నీటి మధ్య నుంచి అన్ని ఒడ్డులకూ ఆనవాలుగా పనిచేస్తుంది. వానాకాలంలో ఈ ప్రాంతం మీద గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది కాబట్టి గాలి నెక్లెస్ రోడ్డు వైపు నుంచి చెరువులోకి దిగి ట్యాంక్‌బండ్ వైపుకు పోతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకున్న ప్రేక్షకుడికి పందెంలో సగం అర్థమైనట్లే.

సముద్రం మీద గాలి చాలావరకు ఒకే ధారగా వస్తుంది. నగరం మధ్య చెరువులోకి వచ్చే గాలి మాత్రం భవనాలను, చెట్లను, గుట్టలను దాటుకొని, చీలి, సుడి తిరిగి, ఒకచోట ఉధృతంగా, మరొకచోట నీరసంగా దిగుతుంది. ఎత్తయిన కట్టడం వెనుక గాలి చెదిరిపోయే మేర ఆ కట్టడం ఎత్తుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందువల్ల పడమటి ఒడ్డు దగ్గర గాలి దిక్కు అస్తమానం మారుతుంది, తూర్పుకు వచ్చేకొద్దీ కొంత కుదుటపడుతుంది. సముద్రం మీద సాధన చేసి వచ్చిన పోటీదారులను తికమకపెట్టే గుణం ఇదే. దీన్ని చెరువుకున్న లోపంగా చూడడం పొరపాటు: క్షణక్షణం మారే గాలిలో నేర్చుకున్నవారు దిక్కు మార్పును ముందుగా పసిగట్టడానికి అలవాటు పడతారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బాలికల విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ ఓనమాలు దిద్దింది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న భోపాల్ పెద్ద చెరువు మీదనే అన్నది ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

తెరచాప పడవ గాలి తోసినట్లు మాత్రమే పోతుందన్నది చాలామంది నమ్మకం. గాలి వాలున పోయేటప్పుడు అది నిజమే గాని, గాలికి ఏటవాలుగా ఎదురు పోయేటప్పుడు తెరచాప విమానం రెక్క చేసే పనే చేస్తుంది. వంపు తిరిగిన గుడ్డ మీదుగా రెండు వైపులా పారే గాలి వేగాల్లో తేడా వల్ల ఒత్తిడిలో తేడా ఏర్పడి పడవను పక్కకూ కొంత ముందుకూ లాగుతుంది. పడవ అడుగు నుంచి నీటిలోకి నిలువుగా దించిన డాగర్‌బోర్డు అనే పలక ఆ పక్క జారుడును అడ్డుకోగా మిగిలిన బలం పడవను ముందుకు నడుపుతుంది. అయితే గాలి వచ్చే దిక్కుకు రెండు వైపులా దాదాపు 45 డిగ్రీల మేర సాధారణ తెరచాప పడవలకు దారి లేని ప్రాంతం ఉంటుంది, అక్కడికి ముక్కు తిప్పితే తెరచాప రెపరెపలాడి పడవ ఆగిపోతుంది. కాబట్టి గాలికి ఎదురుగా ఉన్న బోయాను చేరాలంటే ఒకసారి కుడివైపుకు, ఒకసారి ఎడమవైపుకు మెలికలు తిరుగుతూ పోవాలి. గాలికి ఎదురుగా ముక్కు తిప్పి ఒక వైపు నుంచి మరొక వైపుకు మారడాన్ని ట్యాకింగ్ అంటారు. గాలి వాలున పోతూ పడవ వెనుకభాగం మీదుగా గాలిని దాటించి తెరచాపను అటు నుంచి ఇటు మార్చడాన్ని జైబింగ్ అంటారు. మొదటిదానిలో తెరచాప మెల్లగా మారుతుంది, రెండవదానిలో తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ అనే కడ్డీ వేగంగా తల మీదుగా ఊగిపోతుంది. పడవలు బోల్తా పడేది ఎక్కువగా ఈ జైబింగ్ వేళనే, ఒడ్డున పిల్లలు ఎదురుచూసేది కూడా ఆ క్షణం కోసమే.

తెలుగువారికి తెరచాప కొత్త వస్తువు కాదు. శాతవాహనుల కాలంలో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి, 1839 నాటి తుపాను దెబ్బ తినే దాకా, ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరు పొందిన రేవు. ధవళేశ్వరం ఆనకట్ట తరువాత తవ్విన డెల్టా కాలువల్లో సరుకు పడవలు గాలి ఉన్నప్పుడు తెరచాప ఎత్తి, లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగగా నడిచేవి. ఆ సరంగులు, కళాసీలు నీటి మీద గాలి మచ్చను చూసి తాడు బిగించడం, వదలడం తెలిసినవారే. ఆవిరి, డీజిలు ఇంజన్లు వచ్చాక ఆ విద్యకు బతుకుతెరువు లేకుండా పోయింది. హుస్సేన్‌సాగర్ పందేలు ఆ పాత పడవల నుంచి పుట్టినవి కావు, బ్రిటిషు కాలపు కంటోన్మెంటు జీవితం నుంచీ సైనిక క్రీడల నుంచీ వచ్చినవి. కాని కాలువల మీద అంతరించిన గాలి విద్య ఇప్పుడు ఆటగా బతుకుతున్నది ఇటువంటి చోట్లనే, అందుకే దీన్ని సంపన్నుల కాలక్షేపమని కొట్టిపారేయడం తొందరపాటు.

ఈ చెరువు మీద కనిపించే పడవల్లో రెండు రకాలను గుర్తుపట్టడం అవసరం. మొదటిది ఆప్టిమిస్ట్: ముక్కు దగ్గర మొండిగా నరికినట్లుండే, 2.3 మీటర్ల పొడవున్న, సుమారు 35 కిలోల చిన్న పెట్టె వంటి పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల రూపశిల్పి పిల్లల కోసం, ప్లైవుడ్ పలకలతో ఇంటి దగ్గర చవకగా చేసుకోవడానికి వీలుగా దీన్ని రూపొందించాడు. పదిహేనేళ్ల వయసు దాకా మాత్రమే దీనిలో పోటీ పడవచ్చు. రెండవది ఒకప్పుడు లేజర్ అనీ ఇప్పుడు ఐఎల్‌సీఏ అనీ పిలిచే ఒంటరి ప్రయాణపు పడవ. 1969లో కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ ఒక టెలిఫోను సంభాషణ సాగుతుండగా కాగితం మీద గీసిన ఈ పడవ పొడవు సుమారు 4.2 మీటర్లు, ఒట్టి దోనె బరువు 59 కిలోలు; 1996 నుంచి ఒలింపిక్ క్రీడల్లో ఉంది. దీనిలోని గొప్ప వెసులుబాటు ఏమిటంటే దోనె ఒకటే, తెరచాప మాత్రం మూడు కొలతల్లో దొరుకుతుంది: ఐఎల్‌సీఏ 4కు 4.7, ఐఎల్‌సీఏ 6కు 5.7, ఐఎల్‌సీఏ 7కు 7 చదరపు మీటర్లకు కాస్త అటూఇటూ. పిల్లలు ఎదిగి బరువు పెరిగేకొద్దీ స్తంభం కింది ముక్కనూ తెరచాపనూ మార్చుకొని అదే పడవలో కొనసాగవచ్చు. పడవలన్నీ ఒకే అచ్చుకు చెందినవి కాబట్టి ధనవంతుడి పడవ, పేదవాడి పడవ అనే తేడా చాలావరకు తొలగిపోయి గెలుపోటములు నడిపేవారి మీదనే నిలుస్తాయి.

పందెం ఆరంభం ఈ ఆటలో అత్యంత ఉత్కంఠ కలిగించే ఘట్టం, కుటుంబంతో వచ్చినవారు దీన్ని మాత్రం చూడకుండా వెళ్లకూడదు. నిలబడి ఉన్నచోటు నుంచి పరుగు మొదలుపెట్టే వీలు తెరచాప పడవకు లేదు; అది నీటి మీద ఆగి ఉండలేదు, బ్రేకు లేదు. అందువల్ల నారింజ రంగు జెండా కట్టిన అధికారుల పడవకూ, కొంత దూరాన లంగరు వేసిన బోయాకూ మధ్య ఒక ఊహాగీత ఉంటుంది, పడవలన్నీ ఆ గీతకు గాలి వాలు వైపున తచ్చాడుతూ, సరిగ్గా హారన్ మోగే క్షణానికి పూర్తి వేగంతో గీత దాటేలా లెక్క వేసుకుంటాయి. ఐదు నిమిషాల ముందు ఆ తరగతి జెండా ఎగురుతుంది, నాలుగు నిమిషాల ముందు రెండవ జెండా ఎగురుతుంది, ఒక్క నిమిషం మిగిలినప్పుడు ఆ రెండవ జెండా పొడవాటి మోతతో దిగుతుంది, చివరికి మొదటి జెండా దిగడమే ఆరంభం. ఒక్క క్షణం ముందు గీత దాటిన పడవ వెనక్కు తిరిగి వచ్చి మళ్లీ బయలుదేరాలి; చాలా పడవలు ఒకేసారి దాటి ఎవరు తప్పు చేశారో తేల్చలేకపోతే అందరినీ వెనక్కు పిలుస్తారు. మళ్లీ మళ్లీ ఇలాగే జరిగితే నల్లజెండా ఎగురవేస్తారు, అప్పుడు చివరి నిమిషంలో గీతకు అవతల కనిపించిన పడవను ఆ పందెం నుంచే తొలగిస్తారు. ఇంట్లో పెద్దవారు ఎవరైనా చేతి గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెడితే, పడవలు గీత వైపు ఎందుకు ఎగబడుతున్నాయో, కొన్ని తెరచాప వదులు చేసి ఎందుకు తారట్లాడుతున్నాయో పిల్లలకు తమంతట తామే తెలిసిపోతుంది.

గీత దాటిన తరువాత పడవల గుంపు రెండుగా చీలుతుంది, కొన్ని చెరువు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు పోతాయి. గాలిని చదవడం అనే విద్యకు అసలు పరీక్ష ఇక్కడే. నీటి మీద గాలి బలంగా తాకిన చోట సన్నని అలలు లేచి, ఆకాశపు వెలుగును వేరుగా ప్రతిఫలించి, చుట్టూ ఉన్న నీటి కన్నా ముదురు రంగులో కనిపిస్తాయి. గట్టు మీద నిలబడినవారికి ఈ ముదురు మచ్చలు నెక్లెస్ రోడ్డు వైపు నుంచి ట్యాంక్‌బండ్ వైపుకు జరుగుతూ రావడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ మచ్చ పడవను తాకగానే తెరచాప బిగుస్తుంది, పడవ ఒరుగుతుంది, నడిపేవారు దోనెలోని పట్టీలలో పాదాలు ఇరికించి ఒంటిని నీటి మీదికి వెనక్కు వాల్చి పడవను సమతలంగా నిలుపుతారు. హైకింగ్ అనే ఈ భంగిమ తొడలకూ పొట్టకూ విపరీతమైన శ్రమ. ముప్పావుగంట పందెంలో సగం సేపు అలా వేలాడేవారిని చూస్తే ఇది కూర్చొని చేసే ఆట కాదని ఒప్పుకోక తప్పదు.

గాలి బలం ఒక సంగతి, దిక్కు మార్పు మరొకటి, రెండవదే ఎక్కువ సూక్ష్మమైనది. గాలి దిక్కు పది డిగ్రీలు కుడికి తిరిగిందనుకుంటే, ఒక వైపుగా పోతున్న పడవలకు ముక్కు బోయా వైపుకు మరింత తిప్పుకొనే అవకాశం వస్తుంది, రెండవ వైపుగా పోతున్న పడవలు బోయాకు దూరంగా జరగవలసి వస్తుంది. మొదటిదాన్ని లిఫ్ట్ అనీ రెండవదాన్ని హెడర్ అనీ అంటారు. తనకు ప్రతికూలమైన మార్పు వచ్చిన క్షణంలో ట్యాక్ చేసినవారికి అదే మార్పు అనుకూలంగా మారుతుంది. ఆలస్యం చేసినవారు పడవ ఎంత వేగంగా నడిపినా ఎక్కువ దూరం తిరుగుతారు. కాబట్టి ఒక పడవ ఉన్నట్టుండి దిక్కు మార్చినప్పుడు అది దారి తప్పిందని కాక, దానికి గాలి ఏదో చెప్పిందని చూసేవారు గ్రహించాలి. అంతకన్నా ముందే పసిగట్టాలంటే ఒడ్డునున్న జెండాలు, పొగ, చెట్ల కొమ్మలు సాయపడతాయి. నిపుణులైన పోటీదారులు పందేనికి అరగంట ముందు నీటి మీదికి వెళ్లి, గాలి ఎంతసేపటికి ఒకసారి అటూఇటూ ఊగుతున్నదో గడియారం పెట్టుకొని గమనిస్తారు.

గాలి వచ్చే వైపున ఉన్న పై బోయా దగ్గర పడవలన్నీ ఒకచోటికి చేరతాయి. సాధారణంగా బోయాను ఎడమచేతి వైపు ఉంచుతూ తిరగాలి. ఇక్కడ వినిపించే కేకల్లో ఎక్కువసార్లు వినిపించేది స్టార్‌బోర్డ్ అన్న మాట. పడవ కుడి పక్క నుంచి గాలి తగులుతుంటే అది స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద ఉన్నట్లు, ఎడమ పక్క నుంచి తగులుతుంటే పోర్ట్ ట్యాక్ మీద ఉన్నట్లు. రెండు పడవలు ఎదురుపడితే పోర్ట్ మీద ఉన్నది తప్పుకొని దారి ఇవ్వాలి. రెండూ ఒకే ట్యాక్ మీద పక్కపక్కన పోతుంటే గాలికి దగ్గరగా ఉన్నది, అంటే పై వైపున ఉన్నది, కింది వైపున ఉన్నదానికి దారి ఇవ్వాలి. వెనుకనున్నది ముందున్నదాన్ని గుద్దకూడదు. బోయా దగ్గర, మూడు పడవల పొడవంత దూరంలోకి వచ్చినప్పటి నుంచి, లోపలి వైపున ఉన్నదానికి బోయా తిరగడానికి చోటివ్వాలి. ఈ నాలుగు నియమాలు తెలిస్తే ఒడ్డున ఉన్నవారికి సగం కేకలు అర్థమవుతాయి. బోయా తిరిగాక గాలి వాలున ట్యాంక్‌బండ్ వైపుకు పరుగు మొదలవుతుంది. ఈ దశలో వెనుకనున్న పడవలకు గాలి ముందుగా అందుతుంది కనుక, ముందున్న పడవ తెరచాపకు గాలి అడ్డుపడేలా వెనుక పడవ చేరి దాన్ని మందగింపజేయవచ్చు. ఎదురుగాలి పరుగులో ముందున్నవాడు వెనుకవాడి గాలిని చెదరగొడతాడు, వాలుగాలి పరుగులో వెనుకవాడు ముందువాడి గాలిని దోచుకుంటాడు. ఈ తారుమారు వల్లనే పందెం చివరిదాకా తేలదు.

ఈ క్రీడకున్న విలువల్లో ముఖ్యమైనది నియమాల అమలు తీరు. మైదానంలో అడుగడుగునా విజిల్ ఊదే రిఫరీ దీనిలో ఉండడు. నియమం తప్పినవారు తామే గ్రహించి, పక్కకు తొలగి, పడవను రెండు చుట్లు తిప్పి శిక్ష తీర్చుకోవాలి. బోయాను తాకితే ఒక చుట్టు చాలు. తప్పు చేసినవారు ఒప్పుకోకపోతే నష్టపోయినవారు నీటి మీదనే ప్రొటెస్ట్ అని అరిచి, ఒడ్డుకు వచ్చాక రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, అప్పుడు న్యాయనిర్ణేతల కమిటీ ఇద్దరి వాదనలూ సాక్షుల మాటలూ విని తీర్పు చెబుతుంది. తెరచాపను పదేపదే ఊపి, ఒంటిని కుదిపి పడవను ముందుకు తోయడం నిషిద్ధం. ఈ ఒక్క విషయంలో మాత్రం మోటారు పడవల్లో తిరిగే న్యాయనిర్ణేతలు పసుపు జెండా చూపి అక్కడికక్కడే శిక్షిస్తారు. మిగిలిన అన్నింటిలో పన్నెండేళ్ల పిల్ల కూడా తన తప్పును తానే తీర్పు చెప్పుకోవాలి. పందెం మధ్యలో, ఎవరూ వెంట లేని చోట, ఒక చిన్న పడవ ఉన్నట్టుండి గుండ్రంగా రెండు చుట్లు తిరిగి మళ్లీ దారిన పడడం కనిపిస్తే, అక్కడ జరిగినది ఏమిటో తల్లిదండ్రులు పిల్లలకు తప్పకుండా చెప్పి చూపాలి.

ఆ చిన్న పడవల్లో ఉండేది ఎవరన్నది కూడా పట్టించుకోవలసిన విషయం. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలనూ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులనూ ఎంచుకొని శిక్షణ ఇస్తున్నది. నీటిలో దిగడం అంటేనే భయపడే ఇళ్ల నుంచి వచ్చి, ఈత నేర్చి, ఆప్టిమిస్ట్ పడవలో ఒంటరిగా చెరువు దాటి, జాతీయ పోటీల దాకా వెళ్లినవారు ఈ బృందంలో ఉన్నారు. పదేళ్ల వయసులో ఒక పడవకు పూర్తి బాధ్యత వహించడం, బోల్తా పడితే ఎవరి సాయం లేకుండా డాగర్‌బోర్డు మీద నిలబడి పడవను మళ్లీ లేపుకోవడం, గాలి తగ్గినప్పుడు ఓపిక పట్టడం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేనివి. భారతదేశం నుంచి ఒలింపిక్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన తొలి మహిళ చెన్నైకి చెందిన నేత్రా కుమనన్. ఆమె టోక్యో, పారిస్ పోటీల్లో నడిపిన పడవ, హుస్సేన్‌సాగర్ మీద కనిపించే ఐఎల్‌సీఏ ఒకటే. అదే తరహా పడవలో విష్ణు శరవణన్ హాంగ్‌ఝౌలో కాంస్యం గెలిచాడు. ఒడ్డున నిలబడి చూసే పిల్లలకు ఒలింపిక్ క్రీడాకారులు వాడే వస్తువు యాభై గజాల దూరంలో కనిపించడం మరే క్రీడలోనూ అంత సులభం కాదు.

చెరువు నీటి సంగతి చెప్పకుండా ఈ వర్ణన పూర్తి కాదు. కూకట్‌పల్లి నాలాతో పాటు పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నగరం మురుగును దశాబ్దాలుగా ఈ చెరువులోకి తెచ్చాయి. ఎండాకాలంలో పచ్చటి నాచు పేరుకుంటుంది, దుర్వాసన వస్తుంది. పందెంలో బోల్తా పడిన పిల్లలు మునిగేది ఈ నీటిలోనే. వానలకు నీటిమట్టం పెరిగి, గాలికి చెరువు కదిలే జూలై, ఆగస్టు నెలలు కొంత మెరుగు. దూరం నుంచి చూసి ఫోటో తీసుకునేవారికి అందంగా కనిపించే చెరువు, రోజుకు నాలుగు గంటలు దానిపై గడిపేవారికి మరోలా కనిపిస్తుంది. నాచు ఎక్కడ పేరుకున్నదో, ఏ మూల చెత్త తేలుతున్నదో, ఏ నాలా నోరు తెరిచి ఉన్నదో మొదట తెలిసేది పడవ నడిపేవారికే. చెరువు బాగు కోసం మాట్లాడవలసినవారిలో వీరిని ముందువరసలో కూర్చోబెట్టాలి.

కుటుంబంతో చూడడానికి వచ్చేవారు చోటును గాలిని బట్టి ఎంచుకోవాలి. గాలి పడమటి నుంచి వీస్తున్న రోజున వాలుగాలి పరుగు ఎదురుగా తమ మీదికే వస్తున్నట్లు కనిపించేది ట్యాంక్‌బండ్ మీద నుంచి. పై బోయా దగ్గరి కిక్కిరిసిన మలుపు చూడాలనుకుంటే నెక్లెస్ రోడ్డు వైపు మేలు. పడవలు నీటిలోకి దిగడం, తిరిగి రావడం చూడాలంటే సంజీవయ్య పార్కు. ఉదయం గాలి మందంగా ఉంటే అధికారుల పడవ మీద ఎరుపు తెలుపు నిలువు చారల జెండా ఎగురుతుంది, అంటే వాయిదా. ఆ జెండా దిగేదాకా తొందరపడి ఇల్లు చేరవలసిన పని లేదు, మధ్యాహ్నానికి గాలి లేవడం సాధారణమే. ఏడు రెట్లో ఎనిమిది రెట్లో పెద్దగా చూపే దుర్భిణి చాలు, అంతకన్నా ఎక్కువైతే చేతి వణుకుకు బొమ్మ నిలవదు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క తెరచాప సంఖ్య ఎంచుకొనే అవకాశం ఇస్తే, తాతయ్య పడవ, మేనకోడలి పడవ అంటూ ముప్పావుగంట సేపు ఎవరి కళ్లూ నీటి మీది నుంచి కదలవు.

లెక్క రాసుకోవడం కూడా ఈ ఆట చూడడంలో భాగమే. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండవదానికి రెండు, పదవదానికి పది. అన్ని పందేల పాయింట్లూ కలిపితే తక్కువ వచ్చినవారు విజేత. నిర్ణీత సంఖ్యలో పందేలు జరిగాక ప్రతి ఒక్కరి అత్యంత బలహీనమైన ఫలితాన్ని లెక్క నుంచి తీసేస్తారు. ఈ చిన్న వెసులుబాటు చివరి పందేన్ని వింతగా మారుస్తుంది. ఒకామెకు ఇప్పటిదాకా 20 పాయింట్లు, తీసేసిన ఫలితం 6. ఆమెకు ప్రత్యర్థి అయిన వ్యక్తికి 22 పాయింట్లు, తీసేసిన ఫలితం 30 అనుకుంటే, చివరి పందెంలో మొదటి వ్యక్తి అట్టడుగున వచ్చినా ఆ ఫలితం తొలగిపోయి దాని బదులు పాత 6 చేరి మొత్తం 26 దగ్గర ఆగుతుంది. రెండవ వ్యక్తి ఐదవ స్థానంలోనో అంతకన్నా కిందనో వస్తే మొత్తం 26 దాటుతుంది. కాబట్టి ఆమె చేయవలసినది గెలవడం కాదు, ప్రత్యర్థిని మొదటి నలుగురిలో చేరనివ్వకపోవడం. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడల్లో ఇదే లేజర్ పడవ చివరి పందెంలో బ్రిటన్‌కు చెందిన బెన్ ఏన్స్లీ, బ్రెజిల్‌కు చెందిన రాబర్ట్ షైట్‌ను అడుగడుగునా అడ్డుకొని, అతనికి గాలి అందకుండా చేసి, ఇద్దరూ గుంపు వెనుకకు పోయేలా నడిపి స్వర్ణం గెలిచాడు. హుస్సేన్‌సాగర్ మీద కూడా రెగట్టా ఆఖరి రోజున ఇటువంటిది కనిపించవచ్చు: ముందు పోయే పడవల వైపు అందరూ చూస్తుండగా, అందరికన్నా వెనుక రెండు తెరచాపలు ఒకదాన్ని ఒకటి వదలకుండా పదేపదే ట్యాక్ చేస్తుంటాయి, వారం రోజులుగా నోటు పుస్తకంలో పాయింట్లు రాసుకున్న కుటుంబం మాత్రం దుర్భిణిని ఆ రెండింటి మీదనే నిలుపుతుంది.